ఏప్రిల్‌లో ఆల్ప్స్‌కి స్కీయింగ్: మంచు ఉంటుందా, మొదటిసారి వెళ్లేవాళ్లకి పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు జర్మనీలో, ష్టుట్‌గార్ట్‌లో ఉంటున్నారు. ఏప్రిల్ రెండో వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. మీ ఇద్దరు, ఎనిమిదేళ్ల బాబు, విజయవాడ నుంచి వచ్చిన మీ అమ్మానాన్నగారు కలిసి ఆస్ట్రియా వెళ్లాలనుకుంటున్నారు. ఎవరికీ స్కీయింగ్ రాదు. ఆఫీసులో వాళ్లేమో "సీజన్ అయిపోయింది, డబ్బు దండగ" అంటున్నారు. వెళ్లాలా వద్దా?

వెళ్లండి. కానీ ఊరి పేరు చూసి బుక్ చేయకండి, ఎత్తు చూసి చేయండి. స్కీ చేసే చోటు 2,000 మీటర్లకి పైన ఉండాలి, పొద్దున కొండెక్కించే లిఫ్ట్ తెరిచే వేళకి మీరు అక్కడ ఉండాలి, మధ్యాహ్నం భోజనాల వేళకి స్కీలు విప్పేయాలి. ఈ మూడూ కుదిరితే ఏప్రిల్ మొదటిసారి నేర్చుకునేవాళ్లకి జనవరి కంటే సుఖం. కుదరకపోతే మీ ఆఫీసువాళ్లు చెప్పిందే నిజమవుతుంది.

నేను మ్యూనిక్‌లో ఉంటాను. చాలా ఏళ్లుగా ఆస్ట్రియాలోని తిరోల్ రాష్ట్రపు కొండల్లో స్కీయింగ్ చేస్తున్నాను. మన తెలుగు కుటుంబాలు కొత్తగా వెళ్తుంటే తోడు వెళ్లి, బూట్లు ఎంచుకోవడం దగ్గర్నుంచి చూసిపెట్టడం నాకు అలవాటు. కింద రాసేది ఎక్కువగా ఆస్ట్రియా గురించే, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే.

"ఈస్టర్ సెలవులు" అన్న మాటతో జాగ్రత్త. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. కాబట్టి "మేం పోయిన ఏడాది ఈస్టర్‌కి వెళ్లాం, ఊరంతా మంచే" అని ఎవరైనా అంటే ఏ తేదీకి వెళ్లారో అడగండి. ఆల్ప్స్‌లో మూడు వారాల తేడా అంటే చాలా తేడా.

ఇక ఎత్తు సంగతి. వంద మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. తిరోల్‌లోని ఇన్స్‌బ్రుక్ నగరం 574 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యలో అక్కడ మధ్యాహ్నం 20 డిగ్రీలు ఉంటే 3,000 మీటర్ల దగ్గర 4 డిగ్రీలు ఉంటుందన్నమాట. అంటే పైన కూడా మధ్యాహ్నానికి మంచు కరుగుతుంది. అయినా నిలుస్తుంది, ఎందుకంటే చలికాలమంతా పడింది పేరుకుని ఉంటుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. అదే 800 మీటర్ల ఊళ్లో ఏప్రిల్‌కి పచ్చగడ్డి, పసుప్పచ్చ పూలు ఉంటాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఫోటోలు చూసి అలాంటి ఊళ్లోనే చెక్క ఇల్లు అద్దెకి తీసుకుంది. ఫోటోలు జనవరివి. వాళ్లు వెళ్లేసరికి అక్కడి లిఫ్టులు ఆ ఏడాదికి మూసేశారు. ఐదు రోజులూ కొండ దారుల్లో నడిచి వచ్చారు. అదీ బాగానే ఉందన్నారు గానీ, వెళ్లింది దానికోసం కాదుగా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలా చోట్ల మంచు ఉన్నా లిఫ్టులు మూసేస్తారు. స్కీ ప్రాంతం మూసే తేదీని ముందే ప్రకటిస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి యూరప్ జనం మనసు సైకిళ్ల మీదికీ తోటపని మీదికీ మళ్లుతుంది, వచ్చేవాళ్లు తగ్గితే లిఫ్టులు నడపడం గిట్టుబాటు కాదు. హోటళ్లూ అంతే, ఈస్టర్ అవగానే సిబ్బందికి సెలవులిచ్చి నెల, రెండు నెలలు తాళం వేస్తాయి. అందుకని బుక్ చేసేముందు స్కీ ప్రాంతం వెబ్‌సైట్‌లో మూడు విషయాలు చూడండి: సీజన్ ఆఖరి రోజు ఏది, మీరు వెళ్లే వారంలో ఎన్ని లిఫ్టులు నడుస్తాయి, స్కీ స్కూల్ ఆ వారం తెరిచే ఉంటుందా. మూడోది అందరూ మర్చిపోతారు. పిల్లలు తక్కువైతే గ్రూప్ క్లాసు రద్దు చేసి, ప్రైవేటు క్లాసు తీసుకోమంటారు. దాని ఖర్చు వేరే లెక్క.

ఎక్కడికి వెళ్లాలంటే, మీ ఐదుగురికి నేనైతే ష్టుబాయ్ గ్లేసియర్ (హిమనదం) చెప్తాను. ఇన్స్‌బ్రుక్ దగ్గర లోయలో నాయ్‌ష్టిఫ్ట్ అనే ఊరు ఉంది, ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. బస అక్కడ. అక్కడినుంచి స్కీ బస్సులో లోయ చివరికి వెళ్లి, గండోలా (తీగ మీద కొండెక్కించే మూసిన క్యాబిన్) ఎక్కితే మంచులోకి చేరతారు. ఊరు పచ్చగా, కొండ తెల్లగా ఉంటుంది. కొత్తవాళ్లు నేర్చుకునే చోటు గామ్స్‌గార్టెన్ అనే మధ్య స్టేషన్ దగ్గర ఉంది, అది 2,600 మీటర్ల పైమాటే. ఏప్రిల్‌లో మంచుకి దిగుల్లేదు. కింద పడుకుని పైన ఆడుకోవడం పెద్దవాళ్ల ఒంటికి కూడా మంచిది, దాని గురించి తర్వాత చెప్తాను.

మిగతావి క్లుప్తంగా. ఊరిలోనే మంచు కావాలంటే ఓబర్‌గుర్గ్ల్, ఊరే 1,900 మీటర్ల పైన ఉంది, కానీ బస ఖరీదు. జోల్డెన్‌లో రెండు గ్లేసియర్లు ఉన్నాయి, ఏటా అక్టోబరులో ప్రపంచ కప్ స్కీ రేసులు మొదలయ్యేది అక్కడే. అయితే అక్కడ రాత్రి సందడి ఎక్కువ, ఎనిమిదేళ్ల పిల్లాడితో వెళ్లేవాళ్లకి అంత అవసరం లేదు. ఈష్‌గ్ల్ సంగతీ అంతే. హింటర్‌టుక్స్ ఏడాది పొడవునా నడుస్తుంది, 3,250 మీటర్ల దాకా వెళ్తుంది, కాస్త వచ్చినవాళ్లకి స్వర్గం. ఫ్రాన్స్‌లో వాల్ తొరాన్స్ 2,300 మీటర్ల ఎత్తులో కట్టిన ఊరు. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ కేబుల్ కారు 3,883 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మంచు దిగుల్లేదు గానీ మొదటిసారికి ఆ ఖర్చు నేను పెట్టను.

జర్మనీ దాటకుండా కావాలంటే గార్మిష్ దగ్గర త్సుగ్‌ష్పిట్సే ఉంది, దేశంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 2,962 మీటర్లు. అక్కడ గ్లేసియర్ అన్న మాట ఇంకా వాడుతున్నారు గానీ, దక్షిణ ష్నేఫెర్నర్ అనే మంచుదిబ్బను 2022లో బవేరియా శాస్త్రజ్ఞులు గ్లేసియర్ల జాబితాలోంచి తీసేశారు. కదలడం మానేసేంత పలచబడింది పాపం. అయినా చలికాలపు మంచు మీద ఏప్రిల్‌లో స్కీయింగ్ బాగానే సాగుతుంది. ఒక్క రోజు రుచి చూసి రావడానికి మంచిది.

ఇప్పుడు అసలు విషయం, గడియారం. ఏప్రిల్ స్కీయింగ్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

పగలు ఎండకి పై పొర కరిగి, ఆ నీళ్లు లోపలికి ఇంకుతాయి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి గట్టిగా గడ్డకడుతుంది, గాలి సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా సరే. ఇలా కొన్ని రోజులు కరగడం, గడ్డకట్టడం జరిగితే మంచు రేణువులు గుండ్రటి గింజల్లా అవుతాయి. దీన్నే అక్కడివాళ్లు ఫిర్న్ అంటారు. పొద్దున ఎనిమిదిన్నరకి ఇది గాజులా గట్టిగా ఉంటుంది, కొత్తవాళ్లకి భయం వేస్తుంది. తొమ్మిదిన్నర, పదికి పైన రెండు సెంటీమీటర్లు మెత్తబడుతుంది. అప్పటినుంచి పన్నెండు, పన్నెండున్నర దాకా బంగారంలాంటి సమయం. స్కీ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పడినా దెబ్బ తగలదు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు దాటాక అడుగుదాకా నీరెక్కి ముద్దయిపోతుంది. స్కీలు అందులో కూరుకుపోతాయి, కాలు మాత్రం తిరుగుతుంది. మోకాలు పోయేది అక్కడే.

మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు కదా. దానివల్ల తిరోల్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటాకే. అంటే మార్చిలో వెళ్లినవాళ్లు చెప్పిన సమయాలకి మీరు ఒక గంట కలుపుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే ఆ వేడి బయటికి పోదు, మంచు గడ్డకట్టదు. అలాంటి రోజు పొద్దున ఎనిమిదింటికే నిన్నటి సాయంత్రపు ముద్ద మీకోసం ఎదురుచూస్తుంటుంది. అందుకే నేను ముందురోజు రాత్రి పడుకునేముందు వాతావరణ సూచనలో రెండే చూస్తాను: రాత్రి మబ్బు ఎంత, సున్నా డిగ్రీల రేఖ, అంటే గాలి సున్నా డిగ్రీలకి చేరే ఎత్తు, ఎన్ని మీటర్ల దగ్గర ఉంది. ఆ రేఖ 3,000 మీటర్ల పైకి పోయి, మబ్బు కూడా ఉంటే, పిల్లాణ్ని నిద్రలేపక్కర్లేదు. ఆరోజు ఇన్స్‌బ్రుక్‌లో తిరగండి.

దీనికి పూర్తిగా తిరగబడిన రోజులు కూడా వస్తాయి. ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో అర మీటరు కొత్త మంచు పడటం అక్కడ వింతేమీ కాదు. ఫోటోలకి బ్రహ్మాండం. కానీ గ్లేసియర్ మీద చెట్లుండవు, పొగమంచు వస్తే నేలా ఆకాశమూ ఒకటైపోతాయి, పక్కన కర్రలు పాతకపోతే ఎటు దిగుతున్నామో తెలియదు. గాలి ఎక్కువైతే పై లిఫ్టులు ఆపేస్తారు. ఐదు రోజుల్లో ఒక రోజు పోతుందని ముందే అనుకుని వెళ్తే టెన్షన్ ఉండదు. అందుకే ఐదు రోజులకీ లిఫ్ట్ పాస్ ఒకేసారి కొనకండి. పెద్ద స్కీ ప్రాంతాల్లో పెద్దవాళ్లకి రోజు పాస్ 60 నుంచి 80 యూరోల మధ్య ఉంటోంది. మొదటి రెండు రోజులు మీకు నేర్చుకునే చోటు చాలు. కొన్ని చోట్ల దానికి విడిగా తక్కువ ధర టికెట్ ఉంటుంది, స్కీ స్కూల్‌లోనే అడగండి, వాళ్లే చెప్తారు.

స్కీ స్కూల్ తప్పనిసరి. "యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటాం, మా ఫ్రెండ్ నేర్పిస్తాడు" అనేవాళ్లని చాలామందిని చూశాను. ఫ్రెండ్ పది నిమిషాలు నేర్పించి, తన సరదా తను చూసుకోడానికి పైకి వెళ్లిపోతాడు. టీచరు మొదటి గంటలో నేర్పేది ఆగడం, పడ్డాక లేవడం. పిల్లలకి రెండు మాటలు చెప్తారు: పిజ్జా అంటే స్కీల ముందు కొనలు దగ్గర చేసి వేగం తగ్గించడం, పోమెస్ (ఫ్రెంచ్ ఫ్రైస్) అంటే రెండూ సమానంగా పెట్టి జారడం. మీ బాబు రెండో రోజుకే మిమ్మల్ని దాటి వెళ్లిపోతాడు, దానికి సిద్ధపడండి. నాకు తెలిసిన ఏ ఇంట్లోనూ ఇది తప్పలేదు.

బాబు వేగం చూసి మురిసిపోయేముందు ఒక నియమం నేర్పించండి: ముందు, అంటే కింద వెళ్తున్నవాడిదే హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. ఆగాలంటే పిస్ట్ (స్కీ చేయడానికి చదును చేసిన దారి) మధ్యలో కాదు, అంచున ఆగాలి. ఇవి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్లోవి. ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చడానికి కోర్టులు కూడా వీటినే చూస్తాయి.

సామాన్లు కొనకండి, అన్నీ అద్దెకి దొరుకుతాయి. స్కీల కంటే బూట్లు ముఖ్యం. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మడమ లేవకూడదు. ఒక్క జత పలచటి పొడుగు సాక్సు చాలు, మనవాళ్లు చలని రెండు జతలు వేస్తారు, దాంతో రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. అద్దె షాపులో బరువు అడుగుతారు, మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పకండి, పెంచీ చెప్పకండి. పడినప్పుడు స్కీ ఊడిపోయే బిగింపుని ఆ అంకె చూసే సరిచేస్తారు. హెల్మెట్ తిరోల్‌లో పిల్లలకి చట్టప్రకారం తప్పనిసరి కాదు, పక్కనే ఉన్న సాల్జ్‌బుర్గ్ రాష్ట్రంలో 15 ఏళ్ల లోపు వాళ్లకి తప్పనిసరి. మీరు మాత్రం చట్టం సంగతి పక్కన పెట్టి అందరికీ తీసుకోండి. మధ్యాహ్నానికి తడి మంచులో స్కీ జారకుండా పట్టేస్తుంటే షాపువాణ్ని స్కీల అడుగున వేక్స్ (మైనం) పూయమనండి.

బట్టలు జనవరికి వేసుకున్నట్టు వేసుకుంటే చెమటతో తడిసిపోతారు. పలచటివి రెండు మూడు పొరలు వేసుకుని, ఎండెక్కేకొద్దీ విప్పుకుంటూ పోవాలి. కాటన్, జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు. గ్లవ్స్ రెండు జతలు, ఎందుకంటే మెత్తటి మంచులో పడితే మొదటి జత పదకొండుకే తడిసిపోతుంది.

ఎండని తక్కువ అంచనా వేయకండి. ఇది మన చర్మానికి పట్టదనుకుంటాం. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మీదికి కొడుతుంది. ఎండ పైనుంచే కాదు, కిందనుంచి కూడా వస్తుందన్నమాట. గడ్డం కింద, ముక్కు కింద, చెవుల మీద కూడా సన్‌స్క్రీన్ రాయాలి. కళ్లద్దాలు లేకుండా ఒక్క పూట తిరిగినా రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుట్టొచ్చు. స్కీ చేయని మీ అమ్మానాన్నగారికీ ఇది వర్తిస్తుంది.

వాళ్ల సంగతికి వద్దాం. నడిచేవాళ్లకి గండోలా టికెట్ విడిగా ఇస్తారు. ష్టుబాయ్‌లో పైన మంచు గుహ ఉంది, గ్లేసియర్ లోపలికి నడిచి చూడొచ్చు. డాబా మీద కుర్చీలు వేసి ఉంటాయి, మనవడు పడుతూ లేస్తూ ఉంటే చూస్తూ కూర్చోవచ్చు. మొన్నామధ్య గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని తీసుకెళ్తే, రోజంతా ఆ కుర్చీ వదల్లేదు. అయితే బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లని డాక్టర్ని అడక్కుండా 3,000 మీటర్లకి తీసుకెళ్లకండి. పైకి వెళ్లాక తలనొప్పి, ఆయాసం వస్తే మందులు వెతక్కుండా తర్వాతి గండోలాలో కిందికి దింపేయండి. కింద పడుకోమని నేను చెప్పింది ఇందుకే. జారకుండా పట్టుండే చెప్పులు, బూట్లు ముందే చూసుకోండి, పొద్దున స్టేషన్ బయట నేలంతా ఐసే.

తిండి దగ్గర పెద్ద కష్టం లేదు. కొండ మీద హోటళ్లలో చీజ్ కలిపిన ష్పెట్సలే అనే నూడుల్స్ లాంటి వంటకం, కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు, ఫ్రెంచ్ ఫ్రైస్ ఎప్పుడూ ఉంటాయి. మొదటి రెండిట్లో గుడ్డు ఉంటుంది, పెద్దవాళ్లు తినకపోతే గమనించండి. మా బృందాలన్నిటికీ ఆధారం పులిహోరే. నాలుగు గంటలు సంచీలో ఉన్నా పాడవదు, చల్లగానూ తినొచ్చు. సొంత తిండి తినడానికి చాలా చోట్ల విడిగా బల్లలుంటాయి, హోటల్ బల్లల మీద మాత్రం విప్పకండి.

ఇన్సూరెన్స్ వెళ్లేముందే చూడండి. మీ జర్మన్ ఆరోగ్య బీమా కార్డు ఆస్ట్రియాలో ప్రభుత్వ ఆస్పత్రికి పనికొస్తుంది, కొండమీద నుంచి హెలికాప్టర్‌లో దింపడానికి సాధారణంగా పనికిరాదు. ఆ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే రెస్క్యూ బీమా అందులోనే వస్తుంది, లేదా విడిగా స్కీ పాలసీ తీసుకోండి. మీ అమ్మానాన్నగారి వీసా పాలసీలో ఏముందో విడిగా చదవండి. ఇంకొకరికి మన వల్ల దెబ్బ తగిలితే కట్టే బీమా కూడా ఉండాలి. ఇటలీ వైపు వెళ్తే అది చట్టప్రకారం తప్పనిసరి. ఆస్ట్రియాలో కొండ రెస్క్యూ నంబరు 140, ఎక్కడైనా 112.

పిస్ట్ దాటి పక్కకి వెళ్లొద్దు, పక్కన ఎవరో వెళ్లిన గీతలు కనిపించినా సరే. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో నీరెక్కిన మంచు ఏటవాలు మీద నుంచి మొత్తంగా జారుతుంది. ఇలా మంచుచరియలు విరిగిపడే ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు అంకెతో ప్రకటిస్తారు, వసంతంలో అదే రోజు పొద్దున 2 ఉండి మధ్యాహ్నానికి 3 కావడం మామూలే. అలాగే లోయ దాకా దిగే ఆఖరి పిస్ట్ ఈ కాలంలో మూసేసి ఉంటుంది, లేదా రాళ్లు తేలి ఉంటుంది. గండోలాలోనే దిగండి. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ దాకా వెళ్లిన మా స్నేహితుడు ఒకరు పడింది కష్టమైన చోట కాదు, మూడున్నరకి, "ఆఖరిది ఒక్కటి" అని దిగిన నీలం గీత పిస్ట్ మీద, అంటే సులువైనదాని మీద.

కారులో వెళ్తే ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు చలికాలపు టైర్లు ఉండాలి. వాటిని మార్చడానికి "ఈస్టర్ దాకా ఆగు" అని జర్మన్లు అంటుంటారు, తొందరపడి మార్చేయకండి. హైవే విన్యెట్ (టోల్ చీటీ) ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. షెంగెన్ (సరిహద్దుల్లో మామూలుగా తనిఖీ లేని యూరప్ దేశాలు) లోపలే కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి వెళ్లొద్దు, తిరుగుదారిలో జర్మన్ పోలీసులు సరిహద్దు దగ్గర ఆపి చూడొచ్చు. మీ రెసిడెన్స్ కార్డులు, అమ్మానాన్నగారి వీసా పేజీ ఉన్న పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టుకోండి.

బుకింగ్ మాత్రం ఈ వరసలో చేయండి: ముందు స్కీ స్కూల్ సీటు, తర్వాత రద్దు చేసుకోగలిగే బస, ఆ తర్వాత అద్దె సామాను. లిఫ్ట్ పాస్ అక్కడికి వెళ్లాక, వాతావరణం చూసి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం ఏయే లిఫ్టులు నడుస్తున్నాయో చూసి చెప్తాను.